అక్క కొక్కు, చెల్లె కొక్కు

పోయినేడు వానాకాలంలో ఒక ఆదివారం సాయంత్రం బాన్సువాడలో కుట్టు శిక్షణ కేంద్రం ప్రారంభోత్సవం జరిగింది. ముఖ్య అతిథి మా బావ రాజేంద్రప్రసాద్. హెడ్మాస్టరుగా రిటైరైన మనిషి. మెడలో బంతిపూల దండ, భుజాల మీద శాలువా, ముందు మైకు. "ఓర్పు అనేది మనిషికి..." అని మొదలుపెట్టి ఆగాడు. మైకు సరిచేసుకున్నాడు. మళ్ళీ "ఓర్పు" అన్నాడు. ఆపైన "ఒక్క నిమిషం" అని సభకు నమస్కారం పెట్టి, వేదిక దిగి, రోడ్డు దాటి, ఎదురుగా ఉన్న దేవిదాస్ ఇంట్లోకి నడిచాడు.

దేవిదాస్‌కూ మా బావకూ ఏదో పెళ్ళి సంబంధం విషయంలో మాటలు ఆగిపోయి చాలా ఏళ్ళయింది. దేవిదాస్ అరుగు మీద కూర్చుని పేపరు చదువుతున్నాడు. మెడలో దండతో లోపలికి వస్తున్న మనిషిని చూసి కాళ్ళు పక్కకు తీసుకున్నాడు. పెరటి వైపు చెయ్యి చూపించాడు. మా బావ అటు వెళ్ళాడు. కాసేపటికి దేవిదాస్ ఇంకో బకెట్ నీళ్ళు తెచ్చి ఆ తలుపు ముందు పెట్టి, వచ్చి మళ్ళీ పేపరు తీశాడు. బయట మైకులో మాత్రం ముఖ్య అతిథి గారు ఇప్పుడే వచ్చేస్తున్నారని చెబుతూనే ఉన్నారు. శాలువా మరునాడు ఉతికి మడతపెట్టి ఇంటికి వచ్చింది. దండ రాలేదు.

అదే వేళకు మా అక్క అరుణమ్మ ఇంట్లో, నిజామాబాదు నుంచి వచ్చిన ఆమె మరిది కుటుంబమంతా ఒకే తలుపు ముందు వరుసలో ఉంది. చీకటి పడేసరికి అందరూ దవాఖానలో పక్కపక్క మంచాల మీద, చేతులకు సెలైన్ సూదులతో, ఒకరి ముఖం ఒకరు చూడకుండా పడుకుని ఉన్నారు. ప్రాణం మీదికి ఎవరికీ రాలేదు. మరునాడు ఇళ్ళకు వచ్చేశారు, కాస్త సన్నబడి.

ఆ మధ్యాహ్నం బావతో సహా అందరూ తిన్నది కొక్కుల కూర. పుట్టగొడుగులను మా దిక్కు కొక్కులంటారు. ఆ కొక్కులు జమునాబాయి తెచ్చినవి. నేను చెప్పబోయేది ఆమె సంగతే.

జమునాబాయిది జుక్కల్ వైపు ఊరు. కోపం వస్తే ఇప్పటికీ మరాఠీలో తిడుతుంది, అందువల్ల ఆమె ఏం తిట్టిందో మా వాడలో ఎవరికీ సరిగ్గా తెలియదు. పెళ్ళయి బాన్సువాడ వచ్చింది. భర్త పోయాక ఆడబిడ్డ అంజవ్వతో కలిసి పాత ఇళ్ళ సందులో కిరాయికి ఉంటుంది. అంజవ్వ తాగుబోతు మొగుడిని వదిలేసి ఎప్పుడో పుట్టింటికి వచ్చిన మనిషి. ఈ వదినామరదళ్ళు మిగతా కాలమంతా వరి నాట్లకు, చెరకు కొట్టడానికి పోతారు. వానాకాలం మొదట్లో మాత్రం కూలికి రారు. పిట్లం తొవ్వలో ఆటో దిగి, అడవి అంచు పట్టుకుని లోపలికి నడిచి, టేకు చెట్ల కింద తమకు మాత్రమే తెలిసిన జాగాలో కొక్కులు ఏరుకొస్తారు.

అక్కడ మొలిచేవి రెండు రకాలు. రెండూ చిన్నవే, విప్పిన గొడుగు కూడా బొటనవేలి గోరంత మించదు. పుస్తకాల్లో వీటికి ఏ పేర్లున్నాయో నాకు తెలియదు గానీ, ఒకే కుటుంబానివని మాత్రం ఎవరు చూసినా చెబుతారు. జమునాబాయి తల్లి వాటికి అక్క, చెల్లె అని పేరు పెట్టింది. అక్క తినేది. చెల్లె తినకూడనిది. ఇద్దరికీ నడినెత్తిన చిన్న మొన ఉంటుంది. కాడలు సన్నగా, పొడుగ్గా మట్టిలోకి దిగి ఉంటాయి. అక్క కాడ విరిస్తే పోగులు పోగులుగా వస్తుంది. చెల్లెది కూడా వస్తుంది, కాకపోతే పోగులు కొంచెం పొట్టివి. ఎండ కాసినప్పుడు చెల్లె గొడుగు అడుగున మడతలు లేత గోధుమరంగుకు తిరుగుతాయి, అక్కవి తెల్లగానే ఉంటాయి. ఇది మంచి గుర్తే. కానీ కొక్కులు వచ్చేదే వానకు. వానలో తడిసినప్పుడు అక్క, చెల్లె ఇద్దరూ ఒకే తెలుపు. పైగా ఒక్కోసారి ఒకే గుంపులో కలిసి మొలుస్తారు, పెళ్ళికి ఒకే రంగు చీరలు కట్టుకొచ్చినట్టు. ఈ గుర్తులు నమ్ముకుని దయచేసి ఎవరూ అడవికి పోకండి. నమ్ముకున్నవాళ్ళ సంగతే ఇది.

ఇక మిగిలింది వాసన. అక్కకు కొత్త బియ్యం కడిగిన నీళ్ళ వాసన ఉంటుంది. చెల్లెకూ అదే నీళ్ళ వాసన, కాకపోతే ఒక పూట నిలవున్న నీళ్ళది. తేడా అంతే. ఆ ఒక్క పూట తేడాను జమునాబాయి ముక్కు పట్టేది. అంగడిలో గంప ముందు కూర్చుని, ఎవరైనా కొనడానికి వస్తే పిడికెడు తీసి, కళ్ళు మూసుకుని, ముక్కు దగ్గర పెట్టుకుని, "తీస్కపో బిడ్డ" అనేది. ఆ కళ్ళు మూసుకోవడం కోసమే జనం ఆగేవాళ్ళు. పక్కన ఇంకెవరి గంప ఉన్నా ఆమె గంప ఖాళీ అయ్యేదాకా దాని వైపు చూసేవాళ్ళు కాదు.

కరోనా రెండో విడతలో ఇద్దరికీ జ్వరం వచ్చి తగ్గింది. అందరికీ పోయినట్టే వాళ్ళకూ వాసన పోయింది. అంజవ్వకు తిరిగి వచ్చింది. జమునాబాయికి రాలేదు. ఆ సంగతి ఎట్లా బయటపడిందంటే, ఒక పొద్దున జమునాబాయి పొయ్యికి వీపు పెట్టి బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. వెనక పాలు అడుగంటి మాడుతున్నాయి. అంజవ్వ బయట గల్మలో, గడప దగ్గర నుంచి అరిచింది.

"వదినె, పాలు!"

"ఏడ?"

"ఏడంటవేంది, వాడంత కంపు కొడ్తుంటె!"

అంజవ్వకు అప్పటికే చూపు మందగించింది. షుగరు వల్ల కంటి లోపల నరం దెబ్బతిన్నదని, అద్దాలకు, ఆపరేషన్‌కు లొంగేది కాదని దవాఖానలో చెప్పారు. మాడిన గిన్నె ముందు ఇద్దరూ కూర్చుని తమ దగ్గర ఏమేం మిగిలాయో చూసుకున్నారు. ఒకరికి కళ్ళున్నాయి, ఒకరికి ముక్కుంది.

జమునాబాయి ముక్కు కోసం డాక్టరు దగ్గరికి పోయింది. "వస్తది, ఫికర్ చేయకు" అన్నాడాయన. ఆమె ఎదురుచూసింది. కర్పూరం వాసన చూసింది. ఉల్లిగడ్డ కోసి చూసింది. ఎవరో చెప్పారని పొద్దున్నే కిరసనాయిలు సీసా మూత తీసి చూసింది. వానాకాలం దగ్గరపడే కొద్దీ ఇంట్లో కనబడిన ప్రతిదీ తీసి ముక్కుకు పెట్టుకునేది, చివరికి అంజవ్వ చెప్పు కూడా. "గది నాదే, నన్నడుగు, చెప్త" అంది అంజవ్వ.

ఊళ్ళో ఎవరికీ చెప్పొద్దని ఇద్దరూ అనుకున్నారు. జమునాబాయిని అంగడిలో కూర్చోబెట్టింది ఆ ముక్కే. అది పోయిందని తెలిస్తే ఆమె కూడా నలుగురిలో ఒక కూలి మనిషి. కూలికి పోవడం ఆమెకు చిన్నతనం కాదు. కానీ ఏడాదిలో ఆ కొన్ని వారాలు ఊరంతా ఆమె ముందు నిలబడి, ఆమె కళ్ళు తెరిచేదాకా నోరు మూసుకుని ఉండేది. హెడ్మాస్టరు కూడా. దాన్ని వదులుకోవడం ఆమెకు చేతకాలేదు.

అట్లా ఇద్దరూ కలిసి ఒక మనిషి అయ్యారు. జమునాబాయి చూసి కోసేది. పిడికెడు నిండగానే వెనక నిలబడిన అంజవ్వ ముక్కు ముందు పెట్టేది. మంచివైతే అంజవ్వ ఆమె కొంగు ఒకసారి లాగేది. కాకపోతే ఊరుకునేది, జమునాబాయి వాటిని పారేసేది. నోటితో చెప్పుకోవచ్చు కదా అంటే, చెప్పుకోకూడదు. కొక్కుల దగ్గర మాట్లాడితే భూమి అలుగుతుందని, మరుసటేడు అక్కడ మొలవవని వాళ్ళ నమ్మకం. వేలు పెట్టి చూపినా అంతే. గంపలో పడ్డవాటిని మళ్ళీ తిరగేసి అనుమానంగా చూసినా అంతే. జమునాబాయి తల్లి కాలం నుంచి ఈ కట్టు ఉంది. ఆటో దిగి అడవిలో కాలు పెట్టింది మొదలు, గంప మీద గుడ్డ కప్పి తిరిగి రోడ్డెక్కేదాకా ఇద్దరూ మూగవాళ్ళే. ఇంట్లో వాళ్ళ నోళ్ళు తెలిసిన మాకు ఇది నమ్మడానికి కష్టంగా ఉంటుంది.

అంగడిలో జమునాబాయి మునుపటిలాగే పిడికెడు తీసి, కళ్ళు మూసుకుని, ముక్కు దగ్గర పెట్టుకునేది. ఆమెకు ఏమీ తెలిసేది కాదు. అయినా మునుపటి కన్నా కాస్త ఎక్కువసేపే మూసుకునేదని ఇప్పుడు అనిపిస్తుంది. మూడు వానాకాలాలు అట్లా గడిచాయి. ఎవరికీ అనుమానం రాలేదు, ఎవరికీ కడుపు నొప్పి కూడా రాలేదు.

పోయినేడు మా అక్క ముందుగానే చెప్పిపెట్టింది. "జమునక్కా, ఆదివారం మా మరిదోళ్ళు వస్తుండ్రు. నీ కొక్కులే కావాలె. ఇంకెవ్వలయి నేను వండ."

"తెస్త తియ్యి అరుణమ్మా. నేనుండంగ నీకెందుకు రంది" అంది జమునాబాయి.

శనివారం రాత్రంతా వాన. ఆదివారం పొద్దున్నే ఇద్దరూ వెళ్ళారు. ఆ జాగా ఎన్నడూ లేనంత తెల్లగా ఉంది, బియ్యం ఒలికినట్టు. జమునాబాయి కోసి పిడికిలి వెనక్కి చాపింది. అంజవ్వ కొంగు లాగింది. మళ్ళీ కోసింది. మళ్ళీ లాగింది. ఆ రోజు అంజవ్వ ఒక్క పిడికెడు కూడా వద్దనలేదు. జమునాబాయి దాన్ని అదృష్టం అనుకుంది. గంప నిండింది.

అంజవ్వకు ముందు రోజు నుంచి సర్ది. ముక్కు రెండు దిక్కులా బిగుసుకుపోయి ఉంది.

దవాఖాన నుంచి వచ్చిన మూడోనాడు మా అక్క వాళ్ళింటికి పోయింది. కోపంతో పోయింది గానీ, ఇంకా గంజి మీదే ఉన్న మనిషి కావడంతో గొంతు లేవలేదు.

"ఏంది జమునక్కా గిట్ల జేస్తివి? మా మరిది ముందట నా ముఖం ఏమైంది? ఆయనైతే ఇగ బాన్సువాడ బస్సే ఎక్క అంటుండు."

జమునాబాయి పీట వేసింది. మా అక్క కూర్చోలేదు.

"నీ ముక్కుకు ఏమైంది ఆ పొద్దు?"

లోపల నుంచి అంజవ్వ గోడ పట్టుకుంటూ వచ్చింది. "అరుణమ్మా, ఆమెది కాదు, నా..." అంది.

"నువ్వు లోపలికి నడువు" అంది జమునాబాయి. తర్వాత మా అక్కతో, "వానల సరిగ్గ చూడలేదు అరుణమ్మా. తప్పు నాదే" అంది.

ముక్కు లేదని చెప్పడం కన్నా తప్పు ఒప్పుకోవడమే ఆమెకు తేలిక అయింది. తప్పు ఒకసారి జరుగుతుంది, మరుసటేడు జనం మరిచిపోతారు. ముక్కు సంగతి అట్లా కాదు కదా.

మా అక్క వెళ్ళిపోయాక వదినామరదళ్ళ మధ్య నడిచిన మాటలు పక్కింటి గోడకు ఇవతల బాగానే వినబడ్డాయి, అర్థం మాత్రం అప్పుడు ఎవరికీ కాలేదు.

"సర్ది అయిందని ఒక్క మాట చెప్పరాదానే?"

"నువ్వు అడిగినవా?"

"కొక్కుల కాడ ఎట్ల అడుగుత?"

"కొక్కుల కాడ నేనెట్ల చెప్త?"

"ఆటోల చెప్పొచ్చు గద! ఇంట్ల చెప్పొచ్చు గద!"

"చెప్తె నువ్వు ఎన్కకు మల్లుదువా? అరుణమ్మకు మాటిస్తివి. నీ మాట పోతదని నేను కొంగు గుంజిన. ఊకె గుంజిన. అన్నీ అక్కలే అయితయనుకున్న."

ఆ తర్వాత చాలాసేపు మరాఠీ వినబడింది.

ఊళ్ళో నవ్వుకున్నారు. మా బావ ఎదురైతే "ఓర్పు ఎట్లున్నది సార్" అని అడిగినవాళ్ళు ఉన్నారు. అంగడిలో మాత్రం జమునాబాయి గంప ముందు ఎవరూ ఆగలేదు. రెండు వారాలు ఆమె నిండు గంపతో కూర్చుని, నిండు గంపతోనే లేచి, తొవ్వలో కాలువ గట్టున గుమ్మరించి వచ్చింది. పిడికెడు తీసి, కళ్ళు మూసుకుని, ముక్కు దగ్గర పెట్టుకుంటే జనం నిలబడి చూశారు. కళ్ళు తెరిచేసరికి పోయేవాళ్ళు పోయారు.

అప్పుడు ఆమెకు ఒక ఆలోచన వచ్చింది. అంగడి నడుమ పొయ్యి పెట్టి, కొక్కులు వండి, అందరి ముందూ తానే తినాలి. సాయంత్రం దాకా అక్కడే కూర్చోవాలి. అంతకన్నా రుజువు ఏముంటుంది? మా వాడలో చాలామందికి ఇది నచ్చింది. చూడటానికి వస్తామన్నారు. తినడానికి మాత్రం ఎవరూ రామన్నారు.

అంజవ్వ సర్ది నాలుగు రోజులకే తగ్గింది. ఆ రెండు వారాలు జంకుతూనే కొంగు లాగింది గానీ, ఈసారి తినేది వదినె. ఇద్దరూ మళ్ళీ అడవికి పోయారు. జాగా తెల్లగా ఉంది. జమునాబాయి పిడికెడు కోసి వెనక్కి చాపింది. కొంగు కదలలేదు. పారేసింది. ఇంకో పిడికెడు చాపింది. కదలలేదు. ఇంకోటి. చివరికి జమునాబాయి వెనక్కి తిరిగింది. ఆ మట్టి మీద నిలబడి, తల్లి కాలం నుంచి ఎవరూ చేయని పని చేసింది. మాట్లాడింది.

"అన్నీ చెల్లెలేనానే?"

అంజవ్వ కూడా మాట్లాడింది. "ఏమో వదినె."

"ఏమో అంటె? ఇది చూడు. ఇది?"

"అక్కనే అనిపిస్తది."

"అనిపిస్తదా, అక్కనేనా?"

"ముందుగాల అక్క లెక్కనే ఉంటది. నువ్వు అడుగంగనే చెల్లె లెక్క గొడ్తది. అందరు సెలైన్ ఎక్కిచ్చుకునుడు యాదికొస్తది. నాతోని కాదు వదినె."

జమునాబాయి కొక్కు ఒకటి నోట్లో వేసుకుని నమిలింది. వాసన తెలియని నోటికి రుచి ఏం తెలుస్తుంది? తడి గుడ్డ నమిలినట్టు ఉందట. ఉమ్మేసింది. అంజవ్వ ముక్కు బాగానే ఉంది, ఆ మాట ఇద్దరికీ తెలుసు. దాని మీద నమ్మకమే పోయింది, అంజవ్వకే ముందు పోయింది. ఇద్దరూ తెల్లటి జాగా పక్కన కాసేపు కూర్చున్నారు. ఖాళీ గంప బోర్లించి నెత్తిన పెట్టుకుని, వానలో తడవకుండా రోడ్డెక్కారు.

అంగడిలో పొయ్యి పెట్టలేదు. చూడటానికి వస్తామన్నవాళ్ళు కొందరు వచ్చి, ఏమీ లేదని తెలిసి కూరగాయలు కొనుక్కుని పోయారు.

ఈ ఏడు వానాకాలంలో వాళ్ళు ఆ జాగాకు పోలేదు. అక్కడ మాట్లాడినందుకు భూమి అలిగిందో, ఎప్పటిలాగే తెల్లగా మొలిచి, ఎండి, మట్టిలో కలిసిందో చూసినవాళ్ళు లేరు. జాగా ఎక్కడో ఇంకెవరికీ తెలియదు. వాళ్ళిద్దరూ చెప్పరు. చెప్పినా, ఏది అక్కో ఏది చెల్లో చెప్పే మనిషి లేనప్పుడు జాగా తెలిసి చేసేదేముంది?

బస్టాండు దగ్గర జలాలుద్దీన్‌కు పండ్ల దుకాణం ఉంది. అతను కొత్తగా హైదరాబాద్ నుంచి ప్లాస్టిక్ డబ్బాల్లో వచ్చే గుండ్రటి తెల్ల పుట్టగొడుగులు తెప్పించి అమ్ముతున్నాడు. షెడ్లలో పెంచినవి. అక్క లేదు, చెల్లె లేదు, అన్నీ ఒకే పోత. ఆ డబ్బాల ముందు కూర్చోవడానికి అతను జమునాబాయిని పిలిచాడు.

"నువ్వు కూసుంటె చాలు ఆపా. కొక్కులంటె అందరికి నీ సూరతే యాదికొస్తది. వాసన గీసన చూసే పన్లేదు, డబ్బ మీద తారీకున్నది."

అతను మంచి మనసుతోనే అన్నాడు. ఆమె కూర్చుంది. తారీకు చదవడం ఆమెకు రాదు, కొనేవాళ్ళకు వచ్చు. వాళ్ళే డబ్బా తిప్పి చూసుకుని, తలాడించి తీసుకుపోతారు. మొదట్లో ఒకరిద్దరు పాత అలవాటు కొద్దీ డబ్బా చేతికిచ్చి, ఆమె కళ్ళు మూసుకుంటుందేమోనని ఎదురుచూశారు. ఆమె డబ్బాను అట్లాగే సంచిలో వేసి ఇచ్చింది. కూలికి పోలేని అంజవ్వ ఆ పక్కనే మూట మీద కూర్చుని, వచ్చేపోయే బస్సులను డీజిల్ వాసనను బట్టి పాతదో కొత్తదో చెబుతూ ఉంటుంది. ఆ ముక్కుకు ఇప్పుడు ఉన్న పని అదొక్కటే.

మొన్న మా అక్క ఆ దుకాణానికి వెళ్ళింది. ఏడాది దాటినా కొక్కుల మీద ఆశ చావని మనిషి. ముందు రోజు ఒక డబ్బా తీసుకుపోయి, మసాలా దట్టించి వండింది. మా బావ ఒక ముద్ద తిని పెరుగు కలుపుకున్నాడట. అది ఆమెకు మండింది. దుకాణం ముందు నలుగురు ఉండగానే అందుకుంది.

"ఏంది జమునక్కా గీ డబ్బలు! నీ కొక్కులు వండితె వాడంత తెలుస్తుండె. గీటికి ఏమన్న ఉన్నదా? ఎంత ఉడికిచ్చినా వాసనే రాదు."

జమునాబాయి చేతిలో డబ్బా పక్కన పెట్టింది. అంజవ్వ ఆమె కొంగు పట్టుకుంది, ఊరుకోమన్నట్టు. ఆమె కొంగు విడిపించుకుంది.

"నాకు వాసన రాక నాలుగేండ్లాయె అరుణమ్మా, నేనెవలకన్న ఫిర్యాదు జేసిన్నా?"